ఫోల్డర్ తెరిస్తే గుండ్రం తిరుగుకుంట కూసుంటే

కంప్యూటర్ ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడలో చిన్న ఫొటో స్టూడియో. పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉండె. దానికి సపోర్టు అయిపోయిందని తెలిసి పక్కనే లినక్స్ మింట్ కూడ వేయించిన. ఇప్పుడు ఆన్ చేయంగనే ఏది కావాలని అడుగుతది. సిస్టమ్‌లు రెండూ చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నయి. పెండ్లి ఫొటోలన్నీ ఒక టెరాబైట్ పాత హార్డ్‌డిస్కులో, డీ డ్రైవ్ కింద ఉన్నయి. విండోస్‌లో ఫోల్డర్ తెరిస్తే వెంటనే బొమ్మలు కనపడ్తయి. లినక్స్‌లో అదే ఫోల్డర్ తెరిస్తే గుండ్రం తిరుగుకుంట కూసుంటది. ఒక్కొక్క ఫోల్డర్‌లో నాలుగు వేల దాక ఫొటోలుంటయి. కొన్ని రోజులు ఆ డ్రైవ్‌లో ఏదీ సేవ్ కాదు, ‘రీడ్ ఓన్లీ’ అంటది. లినక్స్ వేసిచ్చిన పిలగాడు డీ డ్రైవ్‌ను లినక్స్ పద్ధతికి ఫార్మాట్ చేస్తే ఫాస్ట్ అయితదంటున్నడు. చేయించమంటరా?
- ఫొటో స్టూడియో యజమాని, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ముందుగాల ఒక మాట. ఫార్మాట్ చేయించకండి. ఈ జవాబు పూర్తిగ చదివి, ఇందులో చెప్పిన పరీక్షలు చేసేదాక ఆ డ్రైవ్‌ను ఎవ్వరినీ ముట్టనియ్యకండి.

ఎందుకింత గట్టిగ చెప్తున్ననంటే, నల్లగొండలో గడియారం దగ్గర నాది రిపేరు షాపు. స్టూడియోల డిస్కులు నా దగ్గరికి చాలా వస్తయి. ఇంట్ల పెద్దమనిషి కాలం చేస్తే, దినాల నాటికి ఫ్రేము కట్టించెటందుకు మంచి ఫొటో ఉండదు. ఎప్పుడో బిడ్డ పెండ్లిల తీసిన ఫొటో కోసం కొడుకులు స్టూడియోకే ఉరికొస్తరు. ఆల్బమ్ ఇచ్చినంక మన పని అయిపోయిందని మనకు అనిపించొచ్చు గానీ, ఆ ఇంటికి మీ హార్డ్‌డిస్కే దిక్కు. కాబట్టి వేగం సంగతి తర్వాత. ఫొటోలు రెండు చోట్ల ఉన్నయా అన్నది మొదటి సంగతి. లేకుంటే ఇయ్యాల్నే ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొని కాపీ పెట్టండి, అది అయినంకనే మిగతా పనులు మొదలుపెట్టండి. ఫోల్డర్ నిదానంగ తెరుచుకునెటందుకు ఉండే కారణాలల్ల డిస్కు పాడైతుండటం కూడ ఒకటి. అది తేలేదాక ఆగితే ఆలస్యమైతది.

ఇప్పుడు అసలు విషయం. విండోస్‌లో వెంటనే వస్తున్నయి, లినక్స్‌లో వస్తలేవు అన్నరు. విండోస్ ఆ ఫోల్డర్‌ను ఎప్పుడో ఒకసారి చూసింది. అప్పుడే ఒక్కొక్క ఫొటోకు చిన్న బొమ్మ, అంటే థంబ్‌నెయిల్, తయారుచేసి సీ డ్రైవ్‌లో మీ యూజర్ ఫోల్డర్ లోపల దాసుకుంది. మల్ల తెరిచినప్పుడు అసలు ఫొటోల జోలికి పోకుండ ఆ చిన్న బొమ్మలే చూపెడ్తది. లినక్స్ వాటిని వాడుకోదు. తన బొమ్మలు తనే చేసుకుంటది. అంటే మీ దగ్గర ఒకటి పాత పని చూపెడుతున్నది, ఇంకోటి కొత్తగ పని మొదలుపెడుతున్నది.

ఆ పని ఎంతనో లెక్క వేద్దాం. ఒక ఫొటో 8 ఎంబీ అనుకుంటే నాలుగు వేల ఫొటోలు 32,000 ఎంబీ. పాత హార్డ్‌డిస్కు సెకనుకు 100 ఎంబీ చదివితే 320 సెకన్లు, అంటే ఐదు నిమిషాల మీదనే. అది కూడ ఫైళ్లన్నీ వరుసగ ఉంటేనే. లోపలి పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడ్తది. చదివే ముల్లు జాగ మార్చుకోవాలె, కావాల్సిన చోటు తిరిగొచ్చేదాక ఆగాలె. రెండూ కలిపి ఒక్కో ఫైలుకు 12 మిల్లీసెకన్లు వేసుకున్నా, నాలుగు వేల ఫైళ్లకు వెతుకులాటకే 48 సెకన్లు. ఇంత పని ఏ సిస్టమ్ చేసినా టైము పట్టాల్సిందే. ఒకసారి పూర్తయితే లినక్స్ కూడ తన బొమ్మలను హోం ఫోల్డర్‌లో కనపడకుండ ఉండే క్యాష్ ఫోల్డర్‌లో దాసుకుంటది, రెండోసారి ఆగదు.

రెండోసారి, మూడోసారి కూడ అట్లనే ఆగుతున్నదంటే ఒక చిన్న కిటుకుంది. లినక్స్ ఆ బొమ్మను ఫైలు పూర్తి దారితోటి గుర్తుపెట్టుకుంటది. డ్రైవ్ పేరు మార్చినా, ఫోల్డర్ పేరు మార్చినా దారి మారిపోతది, మల్ల మొదటి నుంచి తయారీ. మన స్టూడియోలల్ల ఫోల్డర్ పేరు వెనక ‘ఫైనల్’ అని, ‘ఫైనల్ కొత్తది’ అని తగిలించే అలవాటు బాగ ఉంటది. పేరు ఒక్కసారి పెట్టి వదిలేయండి.

అయితే ఇదొక్కటే కారణమని చదివి చెప్పలేను. తెలుసుకునే పద్ధతి చెప్త, మీరే చూడండి. కంప్యూటర్‌ను పూర్తిగ బందు చేసి, మల్ల ఆన్ చేసి లినక్స్‌లోకి పోండి. ఒకసారి చదివిన ఫోల్డర్ ర్యామ్‌లో ఉండిపోతది, అప్పుడు అంతా ఫాస్ట్‌గనే అనిపిస్తది, పరీక్ష తప్పయితది. అందుకే కొత్తగ ఆన్ చేయమంటున్న. పెండ్లి ఫోల్డర్ లోపలికి పోవద్దు. బయటినుంచే దాని మీద రైట్‌క్లిక్ చేసి ‘ఓపెన్ ఇన్ టెర్మినల్’ నొక్కండి. నల్ల కిటికీ వస్తది. అందులో ఇంగ్లిష్ చిన్నక్షరాలతోటి ఎల్, ఎస్ అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. అది ఫైళ్ల పేర్లు మాత్రమే అడుగుతది, బొమ్మలు అడగదు.

పేర్లన్నీ ఒకటి రెండు సెకన్లలో జలజల వచ్చినయంటే పేర్లు చదవడంలో అడ్డం లేదు, ఆలస్యం ఎక్కువసార్లు ఫోల్డర్ చూపెట్టే కిటికీది. ఫైల్ మేనేజర్‌లో ఎడిట్ మెనూకు పోయి ప్రిఫరెన్సెస్‌లో ప్రివ్యూ తెరవండి. థంబ్‌నెయిల్స్ ఏ సైజు దాక చేయాల్నో అక్కడ పెట్టుకోవచ్చు, మొత్తానికే వద్దనవచ్చు. ఫోల్డర్ లోపల ఎన్ని ఫైళ్లున్నయో లెక్కపెట్టే ఆప్షన్ కూడ అక్కడనే ఉంటది. అది తీసేయండి. వంద పెండ్లిళ్ల ఫోల్డర్లున్న చోట అది వంద ఫోల్డర్ల లోపలికి పోయి లెక్క పెడ్తది, మీరు చూసేది ఒక్కటే అయినా సరే.

పేర్లు రావడానికే చాలాసేపు పట్టిందంటే, ఇంకో టెర్మినల్ తెరిచి ‘టాప్’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఎవరెవరు ప్రాసెసర్‌ను వాడుతున్నరో కనపడ్తది. ‘మౌంట్ డాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్’ అన్న పేరు పైన కూసొని, దాని పక్కన అంకె వంద దగ్గర ఉన్నదంటే అడ్డం డ్రైవర్ దగ్గర, అంటే ఆ డిస్కును లినక్స్‌కు చదివిపెట్టే ప్రోగ్రామ్ దగ్గర ఉన్నట్టు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనేది మైక్రోసాఫ్ట్ 1993లో విండోస్ ఎన్‌టీతోటి తెచ్చిన ఫైళ్ల పద్ధతి, మీ డీ డ్రైవ్ అందులోనే ఉంది. దాన్ని లినక్స్‌లో చదివి రాసేందుకు 2007 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్ వాడుకలో ఉంది. నమ్మకమైనది. కానీ అది కెర్నల్, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం, బయట నడుస్తది. మీరు ఒక్క ఫైలు అడిగితే ఆ మాట కెర్నల్‌కు పోయి, అక్కడినుంచి బయట ఉన్న డ్రైవర్‌కు వచ్చి, మల్ల కెర్నల్ ద్వారా డిస్కుకు పోతది. పెద్ద వీడియో ఒక్కటి చదివేటప్పుడు ఈ రాకపోకలు తెలియవు. వేల చిన్న ఫైళ్లప్పుడు తెలుస్తయి.

2021లో కెర్నల్ 5.15తోటి ప్యారగాన్ సంస్థ రాసిచ్చిన కొత్త డ్రైవర్, ఎన్‌టీఎఫ్‌ఎస్3, కెర్నల్ లోపలికే వచ్చింది. మింట్ 21 ఆ కెర్నల్‌తోటే వచ్చింది కాబట్టి మీ దాంట్లో కూడ ఉండాలె. టెర్మినల్‌లో ‘మౌంట్’ అని కొడితే వచ్చే వరుసలల్ల మీ డ్రైవ్ దగ్గర ‘ఫ్యూజ్‌బ్లాక్’ అని ఉంటే పాతది నడుస్తున్నట్టు, ‘ఎన్‌టీఎఫ్‌ఎస్3’ అని ఉంటే కొత్తది. కొత్తది వేగంగ ఉంటది. అయినా స్టూడియో డ్రైవ్‌కు, రెండో కాపీ చేతిల లేకుండ, డ్రైవర్ మార్చమని నేను చెప్పను. పాతదాన్ని ఇన్నేండ్ల సంది ఎంతమందో వాడి చూసిన్రు. పది సెకన్ల ఆలస్యం కంటే ఆ నమ్మకం ఎక్కువ విలువైంది.

ఇక్కడనే ఇంకోటి చూడండి. విండోస్‌లో ఫోల్డర్ల బొమ్మ మీద రెండు నీలిరంగు బాణాలు కనపడుతున్నయా? జాగ కలిసొస్తదని ఎవరో ‘కంప్రెస్’ పెట్టినట్టు. తెరిచినప్పుడల్లా లినక్స్ డ్రైవర్ దాన్ని విప్పుకుంట కూసోవాలె. జేపీజీ ఫొటో ముందే కుదించి ఉంటది, దాన్ని మల్ల కుదిస్తే మిగిలేదేం లేదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కు పోయి ఆ టిక్కు తీసేయండి.

ఇగ మూడోది, నాకు భయమున్నది. ‘టాప్’లో ఎవ్వరూ ప్రాసెసర్ వాడుతలేరు, కానీ పైన ‘డబ్ల్యూ ఏ’ అన్న రెండక్షరాల ముందరి అంకె పెద్దగ ఉంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ అయితే 25 దగ్గర తచ్చాడుతది. అంటే సిస్టమ్ చేతులు కట్టుకొని డిస్కు జవాబు కోసం ఆగి ఉంది. మింట్‌లో ‘డిస్క్స్’ అనే ప్రోగ్రామ్ తెరిచి, ఆ హార్డ్‌డిస్కును ఎంచుకొని, మెనూలో ‘స్మార్ట్ డేటా’ చూడండి. డిస్కు తన ఆరోగ్యం తనే రాసుకున్న పట్టిక అది. అందులో 5, 197, 198, 199 నంబర్ల వరుసలు చూడండి. 5 అంటే చెడిపోయినందుకు పక్కన పెట్టిన జాగలు. 197 అంటే చదవరాక తేలకుండ ఉన్న జాగలు. 198 అంటే చదవడం కుదరనే కుదరని జాగలు. 197లో సున్నా కాకుండ ఏ అంకె ఉన్నా ఆ డిస్కు మీద కొత్త పెండ్లి వేయకండి. చదవరాని చోటు తగిలితే డిస్కు అక్కడనే మల్ల మల్ల ప్రయత్నం చేస్తది, మీకు గుండ్రం తిరుగుతున్నట్టు కనపడ్తది.

అట్లాంటి డిస్కు మీద చెక్‌డిస్క్ నడిపి బాగుచేద్దామని చూసేటోళ్లున్నరు. వద్దు. రిపేరు పేరు మీద డిస్కు మొత్తం గీకితే ఉన్న ప్రాణం కూడ పోతది. ముందు కాపీ. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. అది బాగున్న జాగలను ముందు తీసేసుకొని, మొండికేసిన జాగల దగ్గరికి చివర్ల వస్తది. మీకు చేతకాదనిపిస్తే తెలిసినోళ్ల దగ్గరికి తీసుకపోండి, అప్పటిదాక ఆ డిస్కు ఆన్ చేయకండి.

199 వరుస వేరు. అది డిస్కుది కాదు, ఎక్కువసార్లు కేబుల్‌ది. మదర్‌బోర్డుకు, డిస్కుకు మధ్య ఉండే సాటా కేబుల్ వదులైనా, ముదిరినా పంపిన డేటా తప్పుపోయి మల్ల పంపుకోవాల్సి వస్తది. ఆ అంకె ఎన్నటికీ తగ్గదు, కాబట్టి అంకె ఉన్నందుకే భయపడొద్దు. ఇయ్యాల రాసిపెట్టుకొని, కేబుల్ మార్చి, వారం తర్వాత పెరిగిందా చూడండి. కేబుల్‌కు అయ్యే ఖర్చు పెద్దదేం కాదు. డిస్కు పోయిందని కొత్తది కొన్నంక, అదే పాత కేబుల్‌కు తగిలిస్తే మల్ల అదే కథ.

‘రీడ్ ఓన్లీ’ సంగతికి వస్త. వేగానికి దీనికి సంబంధం లేదు, కానీ దీన్నే ముందు సరిచేయండి. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటి పెట్టిన్రు. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగ బందు కాదు. లోపలి స్థితిని డిస్కు మీద రాసిపెట్టి నిద్రపోతది. కిరాణం శేటు సగం లెక్క మనసులో పెట్టుకొని ఖాతాబుక్కు మూసి ఇంటికి పోయినట్టు. ఆయన లేనప్పుడు ఇంకొకరు బుక్కులో రాస్తే, పొద్దున శేటు తన మనసులో ఉన్న లెక్కనే దాని మీద రాస్తడు, రెండూ కలిసి ఖరాబైతయి. అందుకే లినక్స్ డ్రైవర్ ఆ డ్రైవ్‌ను చూసి, ఇది సగంల ఉంది, చదువుత గానీ రాయనంటది. అది మీ ఫొటోలను కాపాడుతున్నది. దాన్ని బలవంతంగ దాటించే కమాండ్‌లు దొరుకుతయి, వాడొద్దు.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ తెరిచి, పైన ‘చేంజ్ సెట్టింగ్స్’ అన్న లైను నొక్కితే కింద ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్కు తీయవచ్చు. ఇంకో గుర్తు చెప్త: ‘రీస్టార్ట్’ నొక్కితే విండోస్ పూర్తిగనే బందైతది. కొన్ని రోజులే ఇట్ల అయితున్నదన్నరు కదా, షట్‌డౌన్ చేసి తర్వాత లినక్స్‌కు వచ్చిన రోజులే అవి అయి ఉంటయి, గమనించండి. కరెంటు పోయి కంప్యూటర్ ఉన్నఫలంగ ఆగినా కూడ డ్రైవ్ ఇట్లనే సగంల ఉండిపోతది. అప్పుడు ఒకసారి విండోస్‌లోకి పోయి, డీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద ‘చెక్’ నొక్కి, సరిగ్గ బందు చేసి రావాలె. స్మార్ట్ పట్టిక బాగున్న డిస్కుకే సుమా. ఎండకాలం మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, స్టూడియోలో యూపీఎస్ లేకుండ ఉండకండి.

ఇగ ఆ పిలగాడు చెప్పిన ఫార్మాట్. లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4లో వేగం పెరుగుతది, ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ విండోస్ దాన్ని మామూలుగ చదవలేదు. చదవలేక, ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలె’ అని మీ ముందర ఒక పెట్టె తెస్తది. పెండ్లిళ్ల సీజన్‌లో, నిద్రలేని రాత్రి, స్టూడియోలో పనిచేసే ఎవరో ఒకరు దాని మీద ‘ఫార్మాట్’ నొక్కుతరు. ఆల్బమ్ డిజైన్ మీరు విండోస్‌లోనే చేస్తున్నట్టయితే డీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉండనియ్యండి. విండోస్‌ను పూర్తిగ వదిలేసిన నాడు కొత్త డిస్కు కొని, దాన్ని ఈఎక్స్‌టీ4 చేసి, ఫొటోలు అందులోకి కాపీ చేసుకోండి. పాతది అట్లనే బీరువాల పెట్టండి.

ఒక్క పని మాత్రం ఇయ్యాల్టి నుంచే చేయొచ్చు. నాలుగు వేల ఫొటోలు ఒక్క ఫోల్డర్‌లో పోయకండి. ప్రధానం, మైలపోలు, పెండ్లి, బరాత్, దావత్ అని వేర్వేరు చేయండి. ఆ ఇంటోళ్లు వచ్చి బరాత్ ఫొటోలు చూపెట్టమంటే బరాత్ ఒక్కటే తెరుచుకుంటది. ఫోల్డర్ పేర్లు ఇంగ్లిష్‌లో పెడితే మొత్తం చిన్నక్షరాలల్లనే పెట్టండి. లినక్స్ పెద్దక్షరం ‘బీ’తోటి ఒక బరాత్‌ను, చిన్నక్షరం ‘బీ’తోటి ఇంకో బరాత్‌ను పక్కపక్కన చేయనిస్తది, విండోస్ ఆ రెండింటి మధ్య ఆగమాగమైతది. పేరులో ప్రశ్న గుర్తు, కోలన్ కూడ వద్దు.

ప్రశ్న: సర్, నేను జడ్చర్లలో ఒక ప్రైవేటు స్కూల్ ఆఫీసులో పనిచేస్తాను. మా కంప్యూటర్‌లో విండోస్ 11, ఉబుంటు రెండూ ఉన్నాయి. అందరూ లినక్స్ స్లో అంటారు, మాకు విండోసే స్లో. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే పైన ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతూ ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అయితే ఇంకా ఆలస్యం. ఉబుంటులో అవే ఫైళ్లు వెంటనే వస్తాయి. అడ్మిషన్ల టైములో తల్లిదండ్రులు ఎదురుగా నిలబడి ఉంటే చాలా ఇబ్బందిగా ఉంది.
- ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: చెల్లె, ఉబుంటులో అవే ఫైళ్లు వెంటనే వస్తున్నయని రాసి సగం పని మీరే చేసిన్రు. డిస్కు చెడిపోతే రెండు వైపులా ఆలస్యం కావాలె. కాబట్టి డిస్కు గురించి ఇప్పటికైతే రంది పెట్టుకోకండి, వెతకాల్సింది విండోస్ లోపలనే.

స్కూల్ ఆఫీసు అన్నరు కాబట్టి నాకు మొదట అనుమానం నెట్‌వర్క్ డ్రైవ్ మీదికి పోతది. ప్రిన్సిపాల్ రూములో కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్‌ను మీ దాంట్లో ‘జెడ్’ అనో ‘వై’ అనో డ్రైవ్ లెక్క ఎప్పుడో కలిపి పెట్టి ఉంటరు. ఆ కంప్యూటర్ మార్చిన్రో, రోజూ బందే ఉంటదో. మీది మాత్రం తెరిచినప్పుడల్లా దాన్ని పిలుచుకుంట, జవాబు కోసం ఆగుతది. ‘దిస్ పీసీ’లో ఎర్ర ఇంటూ గుర్తున్న డ్రైవ్ ఏదన్నా కనపడితే దాని మీద రైట్‌క్లిక్ చేసి ‘డిస్‌కనెక్ట్’ నొక్కండి. ఫైళ్లు ఎక్కడివక్కడనే ఉంటయి, దారి ఒక్కటే తెగుతది. అయినా నొక్కే ముందు ఆ డ్రైవ్‌ను ఎవరన్నా వాడుతున్నరా అని ఆఫీసులో ఒక మాట అడగండి.

అది లేకపోతే ఎక్స్‌ప్లోరర్ తెరవంగనే వచ్చే ‘రీసెంట్’ జాబితా చూడాలె. మీరు మొన్న పెన్‌డ్రైవ్‌లోంచి తెరిచిన ఫైలు, వేరే కంప్యూటర్‌లోంచి తెరిచిన ఫైలు అన్నీ అందులో ఉంటయి. అవి ఉన్నయో లేవో వెతుక్కునేసరికి ఆలస్యమైతది. పైన మూడు చుక్కల మెనూలో ఆప్షన్స్ తెరిచి, ‘ఓపెన్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ టు’ దగ్గర ‘దిస్ పీసీ’ పెట్టండి. అక్కడనే కింద ‘క్లియర్’ బటన్ నొక్కి పాత జాబితా తుడిచేయండి. ఫైళ్లు పోవు.

డౌన్‌లోడ్స్ సంగతి వేరు. విండోస్ ఒక్కో ఫోల్డర్‌ను ఒక్కో రకంగ అనుకుంటది. ఇది ఫొటోల ఫోల్డర్ అనుకుంటే ప్రతి ఫైలును తెరిచి తేదీ, సైజు లాంటి వివరాలు తీస్తది. మీ డౌన్‌లోడ్స్‌లో పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు, టీసీల పీడీఎఫ్‌లు నిండి ఉంటయి, దాన్ని ఫొటోల ఫోల్డర్ అనుకుని ఉండొచ్చు. ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘కస్టమైజ్’ తెరవండి. ‘ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్’ దగ్గర ‘జనరల్ ఐటమ్స్’ పెట్టండి. తర్వాత ఫోల్డర్ లోపల రైట్‌క్లిక్ చేసి ‘గ్రూప్ బై’ని ‘నన్’ చేయండి. ఇయ్యాల, నిన్న, పోయిన వారం అని గుంపులు చేసే పని కూడ తప్పుతది.

ఇంకొక మాట, మీరు అడగకపోయినా చెప్పాల్సింది. పిల్లల ఆధార్ కాపీలు డౌన్‌లోడ్స్‌లో ఏండ్లకేండ్లు ఉంచకండి. పని అయినంక తరగతి వారీగ పాస్‌వర్డు ఉన్న చోటికి మార్చండి, అవసరం తీరినవి తీసేయండి. ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్ల పెన్‌డ్రైవ్ తగిలే కంప్యూటర్ అది. ఆ పిల్లల వివరాలు వాళ్ల అమ్మానాన్నలు మీ మీద నమ్మకంతోటి ఇచ్చినవి.

ప్రశ్న: అన్నా, నేను వనపర్తిలో డిగ్రీ చదువుతున్న. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనకకు పోతున్నది. ఇంటర్నెట్ లేనప్పుడు విండోస్ నుంచి లినక్స్‌కు పోతే ముందుకు పోతున్నది. ఫైళ్లను తేదీ వారీగ పెట్టుకుంటే ఏది కొత్తదో తెలుస్తలేదు. మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందా?
- విద్యార్థి, వనపర్తి

జవాబు: బ్యాటరీ మంచిగనే ఉంది తమ్ముడూ, డబ్బులు పెట్టకు. బ్యాటరీ పోతే టైము ఎప్పుడో ఏండ్ల కిందటి తేదీకి పోతది గానీ, లెక్కపెట్టినట్టు ఐదున్నర గంటలే తేడా రాదు. ఆ ఐదున్నర గంటలు మన దేశం టైముకు, గ్రీనిచ్ టైముకు ఉన్న తేడా. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది మన టైమే అని విండోస్ అనుకుంటది. అది గ్రీనిచ్ టైమని లినక్స్ అనుకొని, దానికి ఐదున్నర కలిపి చూపెడ్తది. ఇంటర్నెట్ తగలంగనే లినక్స్ సరిచేసుకొని, మదర్‌బోర్డులో గ్రీనిచ్ టైము రాసి పెడ్తది. తర్వాత విండోస్ వచ్చి దాన్నే మన టైమనుకుంటది.

రెండింటిలో ఒకటి మారితే చాలు. లినక్స్‌ను మార్చడం సులువు. టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి ‘సెట్ లోకల్ ఆర్‌టీసీ’ అని మధ్యలో అడ్డగీతలు పెట్టి, ఇంకో ఖాళీ వదిలి 1 అంకె వేసి ఎంటర్ నొక్కు. అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే. పాస్‌వర్డు అడుగుతది. ఇట్ల చేస్తే మంచిది కాదని లినక్స్ ఒక హెచ్చరిక చూపెడ్తది. ఎండకాలం, చలికాలం గడియారం మార్చుకునే దేశాలల్ల రెండు సిస్టమ్‌లూ గంట గంట జరిపి గందరగోళం చేస్తయని దాని భయం. మన దగ్గర ఆ మార్పు లేదు కాబట్టి వనపర్తిలో నీకు దాంతోటి ఇబ్బంది రాదు.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైలు టైము గ్రీనిచ్ లెక్కలోనే పడ్తది, అందుకే గడియారం సరయినంక తయారయ్యే ఫైళ్లు రెండు వైపులా ఒకటే టైము చూపెడ్తయి. ఇప్పటికే తప్పు టైముతోటి పడ్డవి వాటంతట అవి మారవు. ప్రాజెక్టు ఫైళ్లల్ల ఏది కొత్తదో అనుమానమున్నవి తెరిచి చూసి, పేరులోనే తేదీ రాసుకో. తేదీ చూసి పాతదనుకొని ఏదీ డిలీట్ చేయకు.